కుక్కకి వెంట్రుకలు విపరీతంగా రాలుతుంటే ఏం చేయాలి? నేను చేసిన తప్పు, నేర్చుకున్న పాఠం

ఎప్పుడూ జీవామృతం, కషాయాల గురించి చెప్పుకుంటాం కదా, ఈసారి మన తోటకి కాపలా కాసే కుక్క గురించి చెప్తాను. మా జిమ్మీ ఏడేళ్ళుగా మా మామిడి తోటలోనే ఉంటోంది. లాబ్రడార్ కలిసిన జాతి. పోయిన వేసవిలో దానికి వెంట్రుకలు గుత్తులు గుత్తులుగా రాలాయి. మంచం కింద, గోనెసంచుల మీద, చివరికి ఘనజీవామృతం ఆరబెట్టిన పట్టా మీద కూడా అవే.

ఎండలకే అనుకున్నాను. అలా అనుకోవడంలో తప్పు లేదు. లాబ్రడార్ లాంటి కుక్కలకి రెండు పొరల బొచ్చు ఉంటుంది. కాలం మారేటప్పుడు లోపలి మెత్తటి పొర ఎక్కువగా ఊడుతుంది. ఒళ్ళంతా సమానంగా రాలి, కింద చర్మం శుభ్రంగా ఉండి, కుక్క హుషారుగా తింటూ తిరుగుతుంటే అది సహజమే. రోజూ పది నిమిషాలు దువ్వితే చాలు. వేడి అని గుండు మాత్రం కొట్టించకండి. ఆ బొచ్చే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది.

కానీ జిమ్మీకి తోక మొదట్లో, చెవుల వెనక చర్మం కనపడేలా ఊడింది. రాత్రంతా గోక్కునేది. నేనేం చేశానంటే, పంటకి కొట్టడానికి తెచ్చిన వేప నూనె ఉంది కదా, అది నీళ్ళు కలపకుండా ఒళ్ళంతా పూసేశాను. వేప మంచిదే కదా అని. అది నాకి నాకి, సాయంత్రానికి నోట్లోంచి చొంగ, వాంతులు. మర్నాడు ముద్ద ముట్టలేదు. భయమేసి పశువైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళాం.

డాక్టరు గారు ముందు వేళ్ళ సందులు, చెవుల లోపల చూశారు. నిండా పిడుదులు! మేమెప్పుడూ అక్కడ చూడలేదు. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయని రక్త పరీక్ష చేయించారు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం అని తేలింది. "ఇంకో వారం ఆగి ఉంటే కష్టమయ్యేదండీ" అన్నారు. నాలుగు వారాలు మాత్రలు వేశాం. తేరుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆకు పసుపు రంగుకి తిరిగితే మనం వేరు చూస్తాం, మట్టి చూస్తాం. కుక్క విషయంలో మాత్రం కారణం చూడకుండా పైపూత పూశాను. అందుకే ఇప్పుడు నేను పాటించేవి చెప్తాను.

1. చోటు చూడండి. కుక్కల పిడుదులు రోజంతా కుక్క మీదే ఉండవు. గోడ పగుళ్ళలో దాక్కుని, అక్కడే వేలల్లో గుడ్లు పెడతాయి. మేం షెడ్డు పగుళ్ళు పూడ్చాం, పాత గోనెలు తగలబెట్టాం, పడుకునే గుడ్డలు వారానికోసారి వేడినీళ్ళలో ఉడకబెడుతున్నాం.

2. పిడుదుని చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి నిటారుగా లాగండి. వేళ్ళతో నలపొద్దు, సబ్బు నీళ్ళలో వేయండి.

3. తిండి చూడండి. వెంట్రుక అంటే చాలావరకు మాంసకృత్తే. మేం మజ్జిగన్నం ఒక్కటే పెట్టేవాళ్ళం. ఇప్పుడు ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప కూడా పెడుతున్నాం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష పెట్టకండి, కుక్కకి విషం.

4. మనుషుల షాంపూ, పంట మందులు, పశువుల పిడుదుల మందు, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ ఏవీ పూయకండి. జీవామృతం మట్టికి, కుక్క చర్మానికి కాదు. పిడుదుల మందు కుక్క బరువుని బట్టి డాక్టరు గారే చెప్పాలి.

5. గుండ్రటి మచ్చలు, పొక్కులు, చెడు వాసన, జ్వరం, ముక్కులోంచి రక్తం, నీరసం, వీటిలో ఏది కనపడినా ఆగకండి. ఇంట్లో వాళ్ళకీ దురద మొదలైతే గజ్జి గానీ తామర గానీ అయి ఉండొచ్చు. అవి మనకీ అంటుకుంటాయి.

ఇంకో మాట. దువ్వితే వచ్చిన వెంట్రుకల్లో నత్రజని బాగా ఉంటుంది. కుళ్ళడానికి నెలలు పడుతుంది, కాబట్టి కంపోస్టు గుంతలో పలచగా పరిచి వేయండి. చర్మ రోగం ఉన్నప్పుడు, పిడుదుల మందు పూసినప్పుడు వచ్చిన వెంట్రుకలు మాత్రం అందులో వేయకండి.

మూడు నెలలకి జిమ్మీ తోక మళ్ళీ నిండుగా వచ్చింది. ఇప్పటికీ రాలుతూనే ఉంటుంది, అది మామూలే. రోజూ సాయంత్రం దువ్వేటప్పుడే వేళ్ళ సందులు, చెవులు వెతుకుతాను. ఎలా వెతకాలో పైన వీడియోలో చూపించాను. ఈరోజే మీ కుక్కని ఒకసారి దగ్గరకి పిలిచి చూడండి.