ఈథర్నెట్ స్విచ్చి: దాని పనియు, దాని అమరికయు

విద్యార్థులారా! పెక్కు కంప్యూటర్లను తీగలతో నొకచోట గలుపు చిన్న పెట్టెను మీలో పలువురు చూచియే యుందురు. దానికి ఈథర్నెట్ స్విచ్చి యని పేరు. అది యేమి చేయునో, దానిని సరిగా అమర్పకున్న నెట్టి యాపద కలుగునో యీ పాఠమున దెలిసికొందము.

ఈథర్నెట్ పద్ధతిని 1973వ సంవత్సరమున అమెరికా దేశమందు జిరాక్సు కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్టు మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు రూపొందించిరి. ఇందు వార్త యంతయు నొక్కమారుగా పోదు. చిన్నచిన్న కట్టలుగా విభజింపబడి పోవును. ఈ కట్టకు ఫ్రేమని పేరు. దానిలో నిమిడి పోవునది ప్యాకెట్టు. సాధారణముగా నొక ఫ్రేములో 1500 బైట్లకు మించి సమాచారము పట్టదు. ప్రతి ఫ్రేముమీదను చేరవలసిన యంత్రము విలాసమును, పంపిన యంత్రము విలాసమును ఉండును. ఒక్కొక్క విలాసము 48 బిట్లు.

స్విచ్చి తెలివిగల తపాలా జవాను వంటిది. ఏ విలాసముగల ఫ్రేము ఏ పోర్టునుండి వచ్చినదో చూచి పట్టికలో వ్రాసికొనును. పిదప ఆ విలాసమునకు వచ్చు ఫ్రేమును ఆ పోర్టునకే పంపును. విలాసము పట్టికలో లేనిచో, వచ్చిన పోర్టును విడిచి తక్కిన పోర్టులన్నిటికిని పంపును. అందఱకు నుద్దేశింపబడిన ఫ్రేమును సైతము అట్లే పంపును. ఇది యూరిలో దండోరా వేయించుట వంటిది.

అపాయ మిక్కడనే యున్నది. ఒక తీగ తెగినను పని నిలువకుండుటకై రెండు స్విచ్చీల నడుమ రెండవ తీగను గూడ కలుపుదురు. అప్పుడు దండోరా ఫ్రేము ఒక తీగవెంట పోయి రెండవదానివెంట మరలి వచ్చును, మరల పోవును. ఇన్నిమారులు తిరిగిన పిదప నశింపవలెనను గడువు ఈథర్నెట్ ఫ్రేమునకు లేదు. కావున నట్టి ఫ్రేములు ఆగక తిరుగుచు, స్వల్పకాలములోనే వరదయై, తక్కిన వార్తలకు త్రోవ లేకుండ జేయును.

దీనికి మందును 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనునందు రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి కనిపెట్టెను. దానికి స్పానింగ్ ట్రీ యని పేరు. స్విచ్చీలు తమలో తాము సందేశములు పంపుకొని, ఒకదానిని మూలముగా నెన్నుకొని, చుట్టు తిరిగివచ్చు దారి లేకుండ చెట్టుకొమ్మలవలె త్రోవల నేర్పఱచుకొనును. అదనపు త్రోవ మూయబడి యుండి, మొదటిది చెడినప్పుడు తెఱవబడును.

స్విచ్చి నమర్చువా రీ క్రమమును పాటింపవలెను. మొదట స్పానింగ్ ట్రీని పనిచేయించి, నడుమనున్న బలమైన స్విచ్చినే మూలముగా నియమింపవలెను. ప్రాధాన్యసంఖ్య తక్కువగా నున్న స్విచ్చియే మూలమగును. రెండవది, కంప్యూటర్లు మాత్రమే తగిలింపదగిన పోర్టునకు స్పానింగ్ ట్రీ సందేశము వచ్చినచో ఆ పోర్టు మూతపడునట్లు బీపీడీయూ గార్డు నుంచవలెను. మూడవది, దండోరా ఫ్రేములకు పోర్టులయందు పరిమితి విధింపవలెను. దీనికి స్టార్మ్ కంట్రోల్ అని పేరు. పరిమితి మరీ తక్కువైనచో అవసరమైన ఫ్రేములును నష్టమగును. కావున మామూలు దినములలోని ప్రవాహమును కొలిచి, దానికి పైగా నుంచవలెను.

నాలుగవది, కార్యాలయము, తరగతులు మున్నగువానిని వీలాన్‌లను వేఱువేఱు పేటలుగా విభజించినచో ఒక పేట దండోరా మరియొక పేటకు వినబడదు. పేట సంఖ్యకు ఫ్రేముమీది చీటీలో 12 బిట్లు గలవు; విడిచిపెట్టిన రెండు సంఖ్యలు పోగా 4094 పేటలు ఏర్పఱుపవచ్చును. ఆ చీటీలోనే ప్రాధాన్యమునకు 3 బిట్లు గలవు. వానిచే 8 అంతరువు లేర్పడును. మాటలను మోయు ఫ్రేములకు పై యంతరువు నిచ్చి, స్విచ్చి దానిని మన్నించునట్లు చేసినచో రద్దీలో నవి ముందుగా పోవును. తుదకు అమరికను భద్రపఱుపవలెను. లేనిచో అనేక స్విచ్చీలలో విద్యుత్తు పోయి వచ్చునప్పటికి పడిన శ్రమ వ్యర్థమగును.

ఇది పుస్తకమునకే పరిమితమైన మాట కాదు. 2002 నవంబరులో బోస్టను నగరమందలి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యశాల నెట్వర్కు సుమారు నాలుగు దినములు కుంటుపడెను. కాలక్రమమున నొకదానికొకటి తగిలింపబడిన భాగములతో అది స్పానింగ్ ట్రీ యోర్వదగిన మేరను మించి పెరిగియుండెను. వైద్యులును దాదులును కాగితపు పద్ధతికి మరలి రోగులకు సేవ చేసిరి. ఆ సంస్థవారు జరిగినదానిని దాచక, ఇతరులు నేర్చుకొనుటకై లోకమునకు దెలిపిరి.

కావున, బాలురారా, బాలికలారా! తీగను తగిలించుటకు ముందు అది యెచటికి పోవుచున్నదో కాగితముపై గీచి చూచుకొనుడు. పొరపాటు జరిగినచో వెంటనే చెప్పుడు. దాచిన తప్పును సరిదిద్దుట యెవరికిని సాధ్యము కాదు.