మాటలాడని వీరుడు

రాజు సింహాసనముపై కూర్చుండియున్నాడు. ఆయన యెదుట ఒక యువకుడు నిలిచియున్నాడు. డ్రాగన్‌ల ప్రభువు రాజ్యమునకు వెలుగునిచ్చు గోళమును అపహరించినాడనియు, ప్రాచీన వీరుని వంశమున పుట్టిన నీవే దానిని మరల తేవలయుననియు రాజు చెప్పుచున్నాడు. యువకుడు బదులు పలుకడు. ప్రతిజ్ఞ చేయడు, భయమును ప్రకటింపడు. గదిలోని పెట్టెలు తెరచి, అందలి బంగారు నాణెములు తీసికొని, మౌనముగా కోటనుండి వెడలిపోవును.

ఇది ఏ జానపద కథలోని ఘట్టమో యని మీరనుకొనవచ్చును. కాని ఇది ‘డ్రాగన్ క్వెస్ట్’ అను వీడియో ఆట యొక్క ప్రారంభము. 1986వ సంవత్సరము మే 27వ తేదీన జపాను దేశమున ఎనిక్స్ అను సంస్థ దీనిని వెలువరించెను. ఇండ్లలోని టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఫామికామ్ అను యంత్రము అప్పటికే ఆ దేశపు బాలుర కెల్ల ప్రియమైన వస్తువై యుండెను. ఆటను రచించినవాడు యూజి హోరీ. అందలి వీరులకును రాక్షసులకును రూపము కల్పించినవాడు బొమ్మలకథల చిత్రకారుడు అకిరా తోరియామా. సంగీతము కూర్చినవాడు కోయిచి సుగియామా.

ఇట్టి ఆటలను పాత్రధారణ క్రీడలందురు. మన వైకుంఠపాళిలో పావు ఎవరిదైనను ఒక్కటే. అది ఎన్నడును బలపడదు, తెలివి నేర్వదు. పాత్రధారణ క్రీడలో పావుకు జీవితము కలదు. మొదట అది బలహీనముగా నుండును. చిన్న శత్రువులను గెలిచినకొలది అనుభవము లెక్కకు వచ్చును; కొంత అనుభవము కూడగానే దాని స్థాయి పెరుగును, క్రొత్త మంత్రము వచ్చును. బంగారముతో మంచి ఖడ్గమును కొనవచ్చును. ఇట్లు గంటల కొలదియు, దినముల కొలదియు ఆడిన పిమ్మట గాని డ్రాగన్‌ల ప్రభువు నెదిరించు శక్తి కలుగదు.

ఈ మహాకార్యమంతయు ఇమిడిన స్థలమెంతయో తెలిసిన మీరు ఆశ్చర్యపడుదురు. ఆట మొత్తము 64 కిలోబైట్లు. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికంటె అనేక రెట్లు పెద్దది. చోటు చాలక, జపాను లిపులలో ఒకటైన కటకానాలో సుమారు 20 అక్షరములను మాత్రమే హోరీ ఉంచుకొనెను. రాక్షసుల పేర్లును మంత్రముల పేర్లును వానితోనే కట్టవలసివచ్చెను. వీరుడు ఏ దిక్కునకు నడచినను వాని ముఖము మనవైపే ఉండును. ప్రక్కకు తిరిగిన బొమ్మకు చోటులేదు. ఆట నిలిపి మరునాడు కొనసాగింపవలెనన్న 20 అక్షరముల రహస్యవాక్యమును కాగితముపై వ్రాసికొనవలసియుండెను. అందొక్క అక్షరము తప్పిన ఆనాటి శ్రమ యంతయు వ్యర్థము. దస్తూరి బాగులేని బాలుర దుఃఖమును ఊహించుకొనుడు.

అయినను వీరుని మౌనమునకు కారణము చోటు చాలమి మాత్రమే కాదు. ఆడువాడే వీరుడు కావలెనని హోరీ ఉద్దేశము. వీరుడు తన మాట తాను పలికిన క్షణమున, వాడు వేరు, ఆడు బాలుడు వేరు అగుదురు. కావున ఎవరేమడిగినను ‘ఔను’, ‘కాదు’ అను రెంటిలో ఒకదానిని ఎన్నుకొనుటయే వానికి మిగిలిన భాష. వాని ధైర్యము, వాని దిగులు, అన్నియు యంత్రము ముందు కూర్చున్న బాలునివే.

ఆట క్రమముగా దేశమంతట వ్యాపించెను. 1988 ఫిబ్రవరి 10వ తేదీన మూడవ భాగము వెలువడిననాడు అంగళ్ల ముందు జనులు బారులు తీరిరి. అది బుధవారము, బడి మాని వచ్చి నిలిచిన పిల్లలను పోలీసులు పట్టుకొనవలసివచ్చెను. నాల్గవ భాగమును 1990లో ఆదివారమునాడే విడుదల చేసిరి.

ఇంతటి ప్రీతి కలిగిన ఆటను బొమ్మలకథగా చూడవలెనని పాఠకులు కోరుట సహజమే. జపాను బొమ్మలకథలను ‘మాంగా’ అందురు. వానిని కుడినుండి ఎడమకు చదువుదురు. వారపత్రికలలోను మాసపత్రికలలోను ధారావాహికముగా వచ్చి, పిదప సంపుటములగును. ఈ ఆటకును మాంగాకును మొదటినుండియు చుట్టరికము కలదు. షుయేషా సంస్థవారి ‘వీక్లీ షోనెన్ జంప్’ అను వారపత్రికలో హోరీ ఆటలను గూర్చి వ్రాయుచుండెను. తోరియామా బొమ్మలకథలు వెలువడుచున్నదియు ఆ పత్రికయందే.

కాని ఆటను కథగా మార్చుట పైకి కనబడినంత సులభము కాదు. వీరుని మాట యేమి? పుస్తకమున పుటలు త్రిప్పుట తప్ప పాఠకుడు చేయగలిగినది లేదు. ఆటయందలి మౌనవీరుని అట్లే పుటలోనికి దింపినచో, అందు ఎవరును లేని వస్త్రము వలె వాడు వ్రేలాడును. దెబ్బల మాట యేమి? ఆటలో అవి అంకెలు. బలములో ఎనిమిది తగ్గెనని తెరపై కనబడును. అంకెను చూచి ఏ పాఠకుడు కన్నీరు కార్చును? అన్నింటికంటె చిక్కైనది మరణము. ఆటలో వీరుడు మరణించినచో రాజు ముంగిట మరల లేచును. రాజు మందలించును, చేతిలోని బంగారము సగము పోవును, అంతే. ఇట్టి మరణమునకు ఎవడు భయపడును?

మన కవిత్రయము భారతమును తెనిగించినపుడు మూలములోని ప్రతి శ్లోకమునకు ప్రతి పద్యము వ్రాయలేదు. ఎచట పెంచవలెనో, ఎచట విడువవలెనో వారే నిర్ణయించుకొనిరి. ఒక రూపమునుండి మరియొక రూపమునకు కథను తెచ్చువారందరికిని ఆ నిర్ణయము తప్పదు. రికు సాంజో అను రచయితయు, కోజి ఇనాడా అను చిత్రకారుడును చేసిన నిర్ణయము మిక్కిలి సాహసమైనది. హోరీ పర్యవేక్షణలో వారు ‘డ్రాగన్ క్వెస్ట్: డాయి సాహసయాత్ర’ను 1989లో షోనెన్ జంప్‌లో ప్రారంభించిరి. అప్పటికి వెలువడిన ఏ ఆట కథను వారు తీసికొనలేదు. మంత్రములను, రాక్షసులను, నియమములను మాత్రము తీసికొని క్రొత్త లోకమును, క్రొత్త జనమును కల్పించిరి. ఆ కథ 1996 వరకు నడచి 37 సంపుటములయ్యెను.

కథానాయకుడు డాయి డెల్మురిన్ అను ద్వీపమున పెరిగిన బాలుడు. అచట మనుష్యులు లేరు. పూర్వము రాక్షసరాజగు హద్లార్ ఓడిపోయిన పిదప, వాని దుష్టప్రభావమునుండి విడివడిన జంతువులును రాక్షసులును అచట శాంతముగా బ్రతుకుచున్నవి. బ్రాస్ అను వృద్ధరాక్షసుడు డాయిని తాతవలె పెంచెను. ఆటలో స్థాయి పెంచుకొనుటకై మనము లెక్కలేనన్ని రాక్షసులను చంపుదుము. వానికి ఇల్లు కలదేమో, మనుమడు కలడేమో యని ఒక్కమారైనను తలపము. కథ ఆ రాక్షసుని ఒడిలోనే మొదలగుట నన్ను మిక్కిలి ఆకర్షించినది.

బ్రాస్ డాయిని మాంత్రికుని చేయదలచెను. డాయికి వీరుడు కావలెనని కోరిక. ఇంతలో హద్లార్ మరల లేచెను. ద్వీపమునందలి రాక్షసులు మరల క్రూరములు కాసాగినవి. అప్పుడు అవాన్ అను గురువు పోప్ అను శిష్యునితో వచ్చి, డాయిని ఏడు దినములలో వీరుని చేయు కఠినశిక్షణ నారంభించెను. శిక్షణ ముగియకముందే హద్లార్ వచ్చి పైబడెను.

ఇచట సాంజో చేసిన పని గమనింపదగినది. ఆటలో అస్ట్రాన్ అను మంత్రము కలదు. దానిని పఠించిన వీరుని దళమంతయు ఇనుమై పోవును. ఏ దెబ్బయు తగులదు, కాని ఎవరును కదలలేరు. ఆడువారిలో అనేకులకు అది దండుగ మంత్రము. శత్రువు వ్యర్థముగా కొట్టుచుండ ఊరక చూచుచుండుటయే దాని ఫలము. మెగాంతే అను మరియొక మంత్రము కలదు. పఠించినవాడు తన ప్రాణమునే అస్త్రముగా విడుచును. ఆటలో ఈ రెండును పట్టికలోని రెండు పేర్లు. కథలో అవాన్ మొదట శిష్యులను ఇనుముగా మార్చెను. పిమ్మట హద్లార్‌ను పట్టుకొని మెగాంతే పఠించెను. ఇనుమైన యిద్దరు బాలురును గురువు మరణమును చూడగలరు, కేక వేయలేరు, చేయి సాచలేరు. నియమము ఒక్కటియు మారలేదు. కాని ఆడునప్పుడు విసుగు పుట్టించిన ఆ నిశ్చలత్వమే చదువునప్పుడు గొంతు పట్టుకొనును.

అంకెల చిక్కునుగూడ వారు ఇట్లే దాటిరి. ఆటలో అగ్నిమంత్రమునకు మూడు మెట్లు: మేరా, మేరామి, మేరాజోమా. మేరా అన్నింటికంటె చిన్నది. క్రొత్తగా నేర్చినవాడు పఠించునది. కథలో మహారాక్షసరాజగు వేర్న్ చేతినుండి వెలువడిన జ్వాల పోప్ ప్రయోగించిన మంత్రమును మింగివేసెను. అది మేరాజోమా యని పోప్ తలంచెను. కాదు, తాను ప్రయోగించినది మేరా మాత్రమే యని వేర్న్ శాంతముగా చెప్పెను. ఆట నాడిన ప్రతి బాలుని గుండెయు ఆ మాటతో జల్లుమని యుండును. వానికి ఏ అంకెయు చూపనక్కరలేదు.

పోప్‌ను గూర్చి కొంత ఎక్కువగా చెప్పవలెను. ఆటలో ఆయుధముల అంగడివాడు బల్లవెనుక నిలిచి ఎల్లపుడును ఆ నాలుగు మాటలే పలుకును. పోప్ అట్టి అంగడివాని కుమారుడు. రాజవంశము కాదు, వీరుని రక్తము కాదు. అవాన్‌ను చూచి ముచ్చటపడి ఇల్లు విడిచి వెంటవచ్చినవాడు. ఆటయందు యుద్ధము రాగానే తెరపై నాలుగు ఆజ్ఞలు కనబడును: పోరాడుము, మంత్రము, వస్తువు, పారిపొమ్ము. పారిపోవుటలో సిగ్గులేదు, అది కేవలము ఉపాయము. తెలివిగల ఆటగాడు దినమునకు పదిమార్లు పారిపోవును. కాని పోప్ మొసలివంటి రాక్షసయోధుడు క్రోకడైన్‌ను చూచి డాయిని విడిచి పారిపోయినపుడు, ఆ నాలుగవ ఆజ్ఞకు వెల యేర్పడెను.

పిదప క్రోకడైన్ రోమోస్ కోటపై పడెను. బ్రాస్‌ను చెరబట్టి తెచ్చి డాయి చేతులు కట్టివేసినట్లు చేసిరి. పోప్ సత్రములోనే ముడుచుకొని యుండెను. వానిని కదిలించినది ఏ మహర్షియు కాదు. దొంగవీరుల ముఠాలోని ఒక ముసలి మాంత్రికుడు. జన్మమంతయు పారిపోయి బ్రతికినవాడు, తాను ఏమైపోయెనో వానికి చూపి గద్దించెను. పోప్ వణకుచునే కోటకు పోయెను. దెబ్బలు తినుచునే తన మంత్రదండము చివరి రత్నమును పగులగొట్టి, దాని తునకలతో మంత్రవలయమును కల్పించి, బ్రాస్‌ను దుష్టప్రభావమునుండి విడిపించెను. ఆ సన్నివేశములలో ఇనాడా చిత్రించిన పోప్ ముఖము అందముగా నుండదు. కన్నీరు, చెమట, భయము అన్నియు అందు కలవు. వీరుని ముఖమున మనము చూడలేకపోయినదంతయు చిత్రకారుడు ఈ పిరికివాని ముఖమున పెట్టెను.

లోపములు లేకపోలేదు. ప్రారంభమున ప్రాణత్యాగము చేసిన అవాన్ కథ చివరి భాగమున సజీవుడై తిరిగివచ్చును. కారణము చెప్పిరి కాని, ఆ మొదటి దుఃఖము దానితో కొంత పలుచబడినదని నా అభిప్రాయము. ఆటయందలి సులభ పునర్జన్మము వెనుక తలుపునుండి లోపలికి వచ్చినట్లు తోచును. పలువురు పాఠకులు అతని రాకకు సంతోషించిరన్నదియు నిజమే.

ఇతర మార్గములు త్రొక్కినవారును కలరు. 1991లో ఎనిక్స్ సంస్థ తానే ‘షోనెన్ గంగన్’ అను మాసపత్రికను స్థాపించగా, అందు కాముయి ఫుజివారా ‘రోతో చిహ్నము’ను చిత్రించెను, అది మూడవ ఆటకు నూరేండ్ల తరువాతి కథ. అంతకుముందే ఆ సంస్థ నాలుగు గడుల హాస్యచిత్రముల సంపుటములను ప్రకటింపసాగెను. ఆటలో వీరుడు పరుల యిండ్లలో దూరి సొరుగులు వెదకును గదా. దానిని ఇంటివా రేమందురు? అట్టి ప్రశ్నలే వానికి ముడిసరకు. ఆ చిత్రములు గీచినవారిలో ఒకడగు హిరోయుకి ఎతో పిదప ‘మహోజిన్ గురుగురు’ అను పెద్ద హాస్యకథను 1992 నుండి గంగన్‌లో నడపెను.

డాయి కథ టెలివిజనులో 1991లో మొదలై, 46 భాగములతో మరుసటి యేట కథ మధ్యలోనే ఆగిపోయెను. 2020లో మరల మొదటినుండి తీసి, 2022లో 100వ భాగముతో పూర్తిచేసిరి. కావున 1991లో బాలురై చూచినవారు తెరపై కథ ముగింపునకు ముప్పది యేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఆ ముగింపునకు సమీపమున ఒక ఘట్టము కలదు. భూలోకమునంతయు నాశనము చేయు ఏర్పాటు వేర్న్ చేసియున్నాడు. అది తెలిసిన డాయి, రాక్షసుల ఒడిలో పెరిగి ఎవరికిని జంకని వీరుడు, చేతులు వ్రేలవైచి కూలబడెను. పోప్ మాత్రము నిలిచియుండెను. చిన్ననాడు మరణమును తలచుకొని భయపడి యేడ్చినపుడు తన తల్లి చెప్పిన మాటను అతడు జ్ఞాపకము చేసికొనెను: మనుష్యుల ఆయువు కొంచెము గనుకనే వారు గట్టిగా బ్రతుకుటకు యత్నింతురని. మహారాక్షసరాజు యెదుట ఆయుధాల అంగడివాని కుమారుడు ఆ మాటనే పలికెను. ఆ వెనుక డాయి లేచి నిలువబడెను.