ముందు చదివేవాళ్ళు కావాలి

బాపట్ల

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు అచ్చయిన నీ మొదటి కథ, రెండూ అందాయి. కథ గురించి విడిగా రాస్తాను. ఇప్పుడు నువ్వడిగిన రెండో సంగతి. మీ ఊళ్ళో రాసే ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారనీ, అందరూ కలిసి రచయిత్రుల సంఘం పెట్టుకుందామనుకుంటున్నారనీ, ఎలా నడపాలో చెప్పమనీ రాశావు. తప్పకుండా పెట్టుకోండి. కానీ రాసేవాళ్ళతో మొదలుపెట్టకండి, చదివేవాళ్ళతో మొదలుపెట్టండి. రాసేవాళ్ళు మాత్రమే చేరిన చోట కొన్నాళ్ళకు ఒకరి పుస్తకాన్ని ఇంకొకరు ఆవిష్కరించడం, ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం తప్ప వేరే పని మిగలదు. పుస్తకాలు మాత్రం అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయి.

నీకు ముద్దుపళని సంగతి తెలుసుకదా. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో 'రాధికాసాంత్వనము' రాసింది. తరవాతి కాలం పెద్దమనుషులకు ఆ కావ్యం నచ్చలేదు. ఒక ఆడది శృంగారాన్ని అంత ధైర్యంగా రాయడమేమిటని కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారే తప్పుపట్టారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు, కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న భాగమూ లేకుండా చేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని చదివి, ఇష్టపడి, అసలు ప్రతి కోసం వెతికి, సరిచూసి, 1910లో వావిళ్ళవారిచేత అచ్చువేయించింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగేసరికి 1947 వచ్చింది. నాగరత్నమ్మ గొప్ప గాయని, విదుషి. కానీ ముద్దుపళని విషయంలో ఆమె చేసింది పాఠకురాలి పని: చదవడం, వెతకడం, డబ్బూ పేరూ ఒడ్డి నిలబెట్టడం. సూసీ తారు, కె. లలిత కలిసి భారతీయ స్త్రీల రచనల సంకలనాలు 1991లో, 1993లో రెండు సంపుటాలుగా తెచ్చినప్పుడు, తమ ముందుమాటలో ఈ ఉదంతాన్నే ఎత్తుకున్నారు. ఒక్క పాఠకురాలు గట్టిగా నిలబడితే నూటయాభై ఏళ్ళ నాటి కవయిత్రి తిరిగి మన చేతికొచ్చింది.

అలాంటి పాఠకులు చాలినంతమంది లేకపోతే ఏమవుతుందో భండారు అచ్చమాంబ విషయంలో చూడు. 1874లో పుట్టింది. బడి లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. మరుసటి ఏడాది మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపనలో పాలుపంచుకుంది. ఊరూరూ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది. ముప్పై ఏళ్ళు నిండగానే, 1905లో చనిపోయింది. ఏలూరు నుంచి వచ్చిన 'హిందూ సుందరి'లో 1902లోనే ఆమె కథ 'ధనత్రయోదశి' అచ్చయింది. అయినా తొలి తెలుగు కథ ఏదంటే 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' పేరే మా తరమంతా అప్పజెప్పాం. ఎవరిది మొదటిదన్న తగువు నాకు ముఖ్యం కాదు, గురజాడ గొప్పతనానికి దానివల్ల వచ్చే లోటూ లేదు. నా బాధ వేరు. పరిశోధకులు పాత సంచికలు తిరగేసేదాకా అచ్చమాంబ కథలు మనకు చదవడానికి దొరకలేదు. ఆమె ఊరూరా సమాజాల కోసం తిరిగింది. ఆమె కథల్ని దాచి, చదివి, పిల్లలకు చెప్పే బాధ్యతను ఏ సమాజమూ తీసుకోలేదు. మీ సంఘం ఆ బాధ్యత తీసుకుంటుందా అన్నది నేను నిన్ను అడుగుతున్న మొదటి ప్రశ్న.

మా ఊరి కనుపర్తి వరలక్ష్మమ్మగారి పద్ధతి నాకు చాలా ఇష్టం. 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరిగారు 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. దాన్లో ఆవిడ 'శారద లేఖలు' రాసేవారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలు. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం దగ్గర్నుంచి ఖద్దరు దాకా అన్నీ ఆ ఉత్తరాల్లోకి వచ్చేవి. సభకు వెళ్ళే వీలులేని ఇల్లాలు కూడా తనకే ఉత్తరం వచ్చినట్టుగా చదువుకునే వీలు అందులో ఉంది. ఆవిడే 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. రాతా, మనుషులను కూర్చోబెట్టడమూ ఆవిడకు వేరువేరు పనులు కావు. ఎవరు చదువుతారో, ఏ వేళప్పుడు చదువుతారో, చదివాక ఎవరితో మాట్లాడుకుంటారో తెలిసినవాళ్ళు రాసే రాత అది.

ఇక 1960లూ 70ల కాలం మీ అమ్మకు బాగా తెలుసు. కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి, ద్వివేదుల విశాలాక్షి రాస్తున్న రోజులు. వారపత్రిక ఇంటికి రాగానే సీరియల్ ఎవరు ముందు చదవాలన్న దానిమీద ఇళ్ళల్లో తగువులు. పుస్తకాలు అద్దెకిచ్చే షాపుల్లో 'సెక్రటరీ' లాంటి నవలకు ముందుగా చెప్పి ఉంచుకోవాల్సిందే. కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. ఆడవాళ్ళ పేర్లకున్న గిరాకీ చూసి మగవాళ్ళు కూడా ఆడపేర్లతో రాశారు. ఆ నవలల్ని తక్కువచేసి మాట్లాడటం తరవాత ఒక అలవాటయింది. అది అన్యాయమని నేననుకుంటాను. మధ్యాహ్నంపూట అరగంట తనకోసం అట్టేపెట్టుకోవడం ఆ నవలలు మా తరం ఆడవాళ్ళకు నేర్పాయి. కానీ ఆ పాఠకలోకాన్ని కట్టింది పత్రికలూ, అద్దె షాపులూ. అవి తగ్గిపోయి, టీవీ ఇంట్లోకొచ్చాక, ఆ చదువరులు ఒకరికొకరు తెలియకుండానే చెదిరిపోయారు. ఒకే నవలను ఇష్టపడ్డ ఇరవైమంది ఒకే వీధిలో ఉండి కూడా, దాని గురించి ఒకచోట కూర్చుని మాట్లాడుకోలేదు. మీరు కట్టాల్సింది ఆ కూర్చోవడాన్నే.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

ఆరేడుగురు చాలు. సంఘానికి పేరు, బ్యానరు, అధ్యక్షురాలు, కార్యదర్శి, ఇవేవీ మొదట అక్కర్లేదు. నెలకొక శనివారమో ఆదివారమో, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా పెట్టుకోండి. అన్నాలయ్యాక, సాయంత్రం పనులు మొదలుకాకముందు. పొద్దున పదింటికి సభ అంటే ఇంటి పని చేసుకునే మనిషి రాలేదు, సాయంత్రం ఆరింటికంటే అసలే రాలేదు. పిల్లల్ని తెచ్చుకోవచ్చని ముందే చెప్పండి. ఎక్కడ కూర్చుంటారన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఏ వీధిలో కూర్చుంటామో దాన్నిబట్టే ఎవరు వస్తారో, ఎవరు గడపదాకా వచ్చి ఆగిపోతారో తేలిపోతుంది. అందుకే ఎప్పుడూ ఒకరింట్లోనే వద్దు. శాఖా గ్రంథాలయమో, బడి వరండానో మేలు. ఇళ్ళల్లోనే అయితే అన్ని పేటల్లోనూ వంతులవారీగా పెట్టండి. కాలనీలో, ఎస్సీ పేటలో, మసీదు వీధిలో కూడా.

కూర్చున్నాక ఒకే ఒక కథ, పైకి చదవండి. చదువు రానివాళ్ళు వస్తారు, రావాలి కూడా. నెల్లూరు జిల్లా దూబగుంట నీకు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ అనే పాఠం పెట్టారు. ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా కొట్టు మూయించిన కథ అది. దాన్ని చదివీ వినీ దూబగుంట ఆడవాళ్ళు మనమెందుకు చెయ్యలేమనుకున్నారు, వాళ్ళలో రోశమ్మ ముందు నిలబడింది. ఆ కదలిక జిల్లా అంతా పాకి రాష్ట్రమంతటికీ వెళ్ళింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. కలిసి కూర్చుని వినడంలో ఉన్న బలానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

చదవడం అయ్యాక వెంటనే అభిప్రాయాలు అడక్కండి. కాస్సేపు ఊరుకోండి. తరవాత ఒక్కొక్కరినీ కథలో ఏ చోట మనసు ఆగిందో చెప్పమనండి. 'బాగుంది' అనే మాటతో సరిపెట్టనివ్వొద్దు. ఫలానా చోట అత్తగారి మాట నాకు నమ్మకం కలిగించలేదు అని ఎవరన్నా అంటే, అది ఆ రచయిత్రికి మీరివ్వగలిగిన పెద్ద కానుక. రచయిత్రి అక్కడే ఉంటే చివర్న మాట్లాడాలి. మొదట్లోనే ఆమె వివరణ ఇచ్చిందంటే మిగతావాళ్ళు మర్యాదకు నోరు కట్టేసుకుంటారు. మగవాళ్ళు వస్తామంటే రానివ్వండి, వినడానికీ చదవడానికీ. సభ నడిపే పని మాత్రం వాళ్ళ చేతికి పోనివ్వకండి. అలా పోతే మనవాళ్ళలో మాట్లాడే అలవాటు లేనివాళ్ళు ఆ రోజు నోరు విప్పరు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. మన రచయిత్రుల్లో చాలామంది సొంత డబ్బు పెట్టి, ఐదొందల కాపీలు వేయించుకుని, సగానికి పైగా ఉచితంగా పంచి, మిగిలినవి మంచం కింద పెట్టుకుంటున్నారు. ఒక కాపీ ఇవ్వండమ్మా, చదువుతాం అని అడగడం మన అలవాటైపోయింది. మీరు అడగొద్దు. మనిషికి నెలకు 50 రూపాయలు వేసుకుంటే, పన్నెండుమంది అయ్యేసరికి 600. రెండో మూడో పుస్తకాలొస్తాయి. పొదుపు సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళు లెక్క రాయడంలో మనకన్నా ఆరితేరినవాళ్ళు, ఖాతా పుస్తకం వాళ్ళకే అప్పగించండి. కొన్న పుస్తకం చేతులు మారుతూ అందరిళ్ళకూ వెళ్ళాలి. చదివినవాళ్ళు రచయిత్రికి ఒక ఉత్తరమో, ఫోన్లో నాలుగు ముక్కలో పంపాలి. ఫలానా పేజీలో ఫలానా సంగతి అని పేరు పెట్టి రాయాలి. ఏళ్ళ తరబడి రాసి, చదివిన మనిషి ఒక్కరు కూడా ఎదురుపడక కలం పక్కన పెట్టేసినవాళ్ళను నేనెరుగుదును. సరైన సమయానికి అందిన ఒక ఉత్తరం ఇంకో పుస్తకం రాయించగలదు.

గ్రంథాలయాన్ని వదలకండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. అంటే ఆ అలమారల్లో ఏ పుస్తకాలుండాలో అడిగే హక్కు మీకుంది. ఫలానా రచయిత్రుల పుస్తకాలు కావాలని పేర్లతో పట్టీ రాసి, అందరూ సంతకాలు పెట్టి, జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపండి. వచ్చాక వాటిని నిజంగా తీసుకెళ్ళి చదవండి. తీసుకెళ్ళినట్టు రిజిస్టరులో పడాలి. ఏడాదంతా ఎవరూ ముట్టని పుస్తకం పక్కన ఇంకోటి కొనమని మనం అడగలేం.

ఎవరి పుస్తకాలు చదువుతారన్న దగ్గర నిన్ను ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. రచయిత్రులు అనగానే మన నోటికి వచ్చే పేర్లలో ఎక్కువ భాగం పై కులాల ఇళ్ళవే. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' సంకలనం తెచ్చేదాకా, 1921 నుంచీ దళిత స్త్రీలు రాస్తూనే ఉన్నారన్న సంగతి నాలాంటి చాలామందికి తెలియదు. జూపాక సుభద్ర, జాజుల గౌరి, షాజహానా, వీళ్ళను మొదటి ఏడాదే చదవండి. 'వాళ్ళ కోసం' ప్రత్యేకంగా ఒక నెల కేటాయించడం కాకుండా, వరసలో మామూలుగా. రాయడం రానివాళ్ళ దగ్గర కూడా సాహిత్యముంది. స్త్రీశక్తి సంఘటనవాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటల్ని రికార్డుచేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం చేశారు. అది మీ ఊళ్ళోనూ చెయ్యొచ్చు. ఫోను ఉంది కదా. కాకపోతే రికార్డు చేసే ముందు అడగాలి, రాసింది చదివి వినిపించాలి, పేరు వద్దంటే మార్చాలి. మీ గుంపులో ఎవరైనా ఇంట్లో తెలియకుండా రాస్తుంటే ఆమె కథ, ఫొటో వాట్సాప్‌లోకి వెళ్ళకూడదు. కలంపేరు వాడుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆమె తలదాచుకున్న చోటును మనం బయటపెట్టకూడదు.

దాచడం కూడా మీ పనే. మీ ఊరి రచయిత్రి కథ ఏ పత్రికలో వచ్చినా, పత్రిక పేరూ తేదీతో సహా ఒక కాపీ ఫైల్లో పెట్టండి. ఇంకోటి శ్రీకాకుళం కథానిలయానికి పంపండి. కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన ఇల్లది, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేరాలని ఆయన తపన. నీ కథనూ పంపు.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఏ కథ అని అడుగుతావేమో. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' చదవండి. ఇంటి పనిలో పడి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. చిన్నది, పైకి చదవడానికి హాయిగా ఉంటుంది, అందరికీ మాట్లాడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రెండో నెలకు 'నల్లపొద్దు' లోంచి మీకు మీరే ఏరుకోండి. రెండు పుస్తకాలూ రేపు పోస్టులో వేస్తున్నాను. బిల్లు కూడా లోపలే ఉంటుంది. చందాలు పోగయ్యాక డబ్బు పంపించండి, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ