బడి గడప దాటుటకు ముందు

మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి చినుకులకు నేల చల్లబడి, రెండు తెలుగు రాష్ట్రములందును బడులు మరల తెరచుకొను ఆ జూను రెండవ వారమున, ఏ వీధిలో నిలిచి చూచినను, కొత్త సంచిని వీపున మోయలేక మోయుచు, ఒక చేత తల్లి కొంగును, వేరొక చేత వాకిలి తలుపును పట్టుకొని గొల్లుమను పసివాడొకడు కానరాకపోడు. ఆ యేడుపు విని మనము నవ్వుకొందుము. నాలుగు దినములు పోయిన వాడే యలవాటు పడునందుము. నిజమే, పడును. కాని యేడ్చి ప్రయోజనము లేదని తెలిసి యూరకుండుట వేరు, అమ్మ తప్పక వచ్చునని నమ్మి యూరకుండుట వేరు. మొదటిది లొంగుబాటు, రెండవది ధైర్యము. బిడ్డను బడికి సంసిద్ధుని చేయుటయన ఈ రెండవదానిని వానికి సమకూర్చుటయేనని నా యభిప్రాయము.

లోకమున దీనికి విపర్యయముగా జరుగుచున్నది. మూడేండ్లు నిండకమునుపే అంకెలును, ఆంగ్లాక్షరములును వల్లె వేయించి, వచ్చిన చుట్టములయెదుట అప్పగింపించి, అదియే సన్నాహమని తల్లిదండ్రులు సంతసించుచున్నారు. మన పెద్దల అక్షరాభ్యాసమును తలచుకొనుడు. వసంత పంచమినాడు గోదావరీ తీరమునగల బాసర జ్ఞానసరస్వతీ సన్నిధిని గాని, ఇంటి నడవలోనే గాని, పళ్లెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించి, పిమ్మట బడిపిల్లలకు పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచిపెట్టించెడివారు. ఆ దినమున వాడొక్క యక్షరమైనను నేర్చెనని యెవరును భ్రమపడలేదు. తండ్రి యొడిలో కూర్చుండియే తన చేతిని గురువు చేతికిచ్చుట వాడు నేర్చెను. తన పప్పుబెల్లము తిన్న పిల్లలు మరునాడు బడిలో వానికి కొత్తవారు కాకపోయిరి.

1907లో రోము నగరపు పేదపేటలో శిశుగృహమును స్థాపించి, 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిన మాంటిస్సోరి, గుండీలు పెట్టుకొనుటకును, ముడులు వేయుటకును ప్రత్యేకముగా చట్రములనే చేయించెను. అది వింత గాదు. అన్నపు డబ్బా మూత తీయరాక ఆకలితో ఇల్లు చేరిన బిడ్డకును, 'ఒంటికి పోవలెనండీ' యని చెప్ప సిగ్గుపడి లాగు తడుపుకొని నలుగురిలో నవ్వులపాలైన బిడ్డకును బడిమీద ద్వేషము కలుగుటకు వేరొక కారణమేల? కావున బడి తెరచుటకు నెల ముందునుండియే, తన చేత తాను తినుట, చెప్పులు తొడుగుకొనుట, చేతులు కడుగుకొనుట, తన యక్కరను నోరు విప్పి యడుగుట నేర్పవలయును. ఆలస్యమైనను, అన్నము నేల రాలినను ఓర్చుకొనవలయును. మన తొందరయే వాని కడ్డంకి. ప్రొద్దున లేచు వేళను కూడ అప్పటినుండియే సవరించుట మేలు.

ఇంతకన్న కఠినమైనది ఎడబాటు నేర్పుట. వాడు బొమ్మ చూచుచుండగా కన్నుగప్పి జారుకొను తల్లి, ఆ పూటకు ఏడుపును తప్పించుకొనును గాని, ఆనాటినుండి బిడ్డ ఆమె కొంగును క్షణమైన విడువడు. పినతల్లి యింటనో, పొరుగింటనో అరగంటసేపు విడిచి, 'నీవు పాలు త్రాగి, ఒక ఆట ఆడులోపల వచ్చెద'నని చెప్పి, చెప్పినట్లు రావలయును. గడియారము వానికర్థము గాదు; పాలు, ఆట, నిద్ర, ఇవియే వాని గంటలు. ఇక అన్నము తినకున్న 'బడిలో వేసెదను, మాస్టారు తోలు వలుచు'నని బెదరించు ఇండ్లను గూర్చి యేమని చెప్పుదును? భావనగరమున 1920లో బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయిని గుజరాతువారు 'మీసముల అమ్మ' యని పిలుచుకొనిరి; మన బిడ్డకు గురువును బూచివానిగా ముందే పరిచయము చేసినచో, అట్టి యమ్మ యెదురుపడినను వాడు గుర్తింపజాలడు.

మా యమ్మాయిని తొలిదినము బడిలో దింపి, ప్రహరీ వెలుపల వేపచెట్టుక్రింద గంటసేపు నిలిచితిని. ఆనాడు కన్నీరు పెట్టినది నేనే. సాయంకాలము 'ఏమి చదివితి'వని యడిగితిని. అది బదులు పలుకలేదు. దాని నాయనమ్మ మాత్రము జడ విప్పుచు 'నీ పక్కన ఎవరు కూచున్నారే?' అనెను. అంతట ఆ పిల్ల, తన బలపమును సగము విరిచి పక్కపిల్లకిచ్చిన వృత్తాంతము నెత్తుకొని, నిద్ర ముంచుకొని వచ్చువరకు మాటలాపలేదు.