తెల్లని పైకప్పు: పరిశోధన ప్రభుత్వ విధానమైన తీరు



క్రొత్త ఎరువు మంచిదని ఎవరైనను చెప్పినచో, మనము వెంటనే పొలమంతయు చల్లము. సమానమగు రెండు మళ్లను ఎంచి, ఒకదానికి వేసి, రెండవదానిని విడిచి, కల్లమున రెండింటి గింజలను తూచి చూతుము. ప్రభుత్వ విధానములకును ఇట్టి తూకమే ఆధారము కావలెను. విశ్వవిద్యాలయ పరిశోధనకేంద్రములు చేయు పని ఇదియే. మన రాష్ట్రమున జరిగిన ఒక నిదర్శనమును ఈ పాఠమున వివరింతుము.

1. కారణము: సుచిత్ర మొదలు మేడ్చల్, శామీర్‌పేటల వరకు పొలములున్న తావుల నేడు సిమెంటు మిద్దెలు, రేకుల ఇండ్లు లేచినవి. నల్లని కప్పు ఎండను పీల్చి వేడిని లోనికి దింపును. తెల్లని కప్పు ఎండలో అధికభాగమును మరల పైకే పంపును. లోపలి వేడి తగ్గినకొలది ఏ.సీ. యంత్రములకు కరెంటు తక్కువ పట్టును. మిగిలిన యూనిట్టుకు బొగ్గు కాల్చవలసిన పని లేదు.

2. తూకము: హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారితో కలిసి, ఈ ప్రాంతపు వాణిజ్య భవనముల లెక్కలను 2012లో ప్రకటించిరి. నల్లకప్పును తెల్లచేయగా, ప్రతి చదరపు మీటరు కప్పునకు ఏటికి 20 మొదలు 22 యూనిట్లు మిగిలెను. చల్లదనమునకగు కరెంటులో ఇది నూటికి 14 మొదలు 26 వంతులు.

ఏ.సీ. లేని పేదయింటి మాటయేమి? 2017లో ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి, నగరపాలక సంస్థ మున్నగువారు హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 25 ఇండ్ల కప్పులపై తెల్లని పొర పరపించిరి. పొర లేని అట్టి ఇండ్లతో పోల్చగా, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తక్కువగా నుండెను. ఇచట మిగిలినది కరెంటు కాదు. మనుష్యుని నిద్ర, సత్తువ.

3. విధానము: ఈ ఫలితములు ముందుండగా, తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించెను. 300 చదరపు కిలోమీటర్ల కప్పు దాని లక్ష్యము. ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మొదలుకొని ఆపై స్థలములలోని నివాసములకును ఇది విధిగా నుంచబడెను. అంతకు తక్కువ స్థలమువారికి ఇష్టానుసారము.

మన సభ్యులలో పెక్కుర ఇండ్లు ఈ కడపటి తరగతిలోనివే. మనల నెవరును నిర్బంధింపరు. ఎండకోర్చి వచ్చిన మనిషికి, పసిబిడ్డకు, ముదుసలికి 2 డిగ్రీల విలువ ఎంతయో మనమే ఎంచుకొనవలెను.

4. అభ్యాసము: మాఘమాసమున సమానమగు రెండు మిద్దె గదుల నెంచుడు. ఒకదాని కప్పును కడిగి, పగుళ్లు పూడ్చి, రెండు పూతల సున్నము వేయుడు. పది దినములు, మధ్యాహ్నము ఒకే వేళకు, రెండు గదులలోను ఉష్ణమాపకముతో వేడి చూచి వ్రాసికొనుడు. దుమ్ము పట్టిన తెలుపు గుణము తప్పును గనుక ఏటేట పూత వేయవలెను. పాత సిమెంటు రేకులపైకి ఎక్కరాదు, వానిని గీకరాదు. అవి విరుగును, వాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము.

ఆ లెక్కలను సంఘ సమావేశమునకు తెండు. సంఘపు ఎరువుల గిడ్డంగి కప్పును గూర్చి అప్పుడు వాటిని చూచి నిర్ణయింతము.