సంస్థలలో సంస్కరణ: అహమ్మదాబాదు మగ్గాల అనుభవం

ఏ కర్మాగారంలోనైనా, కార్యాలయంలోనైనా కొత్త పద్ధతిని ప్రవేశపెట్టడం దుస్సాధ్యమనే అభిప్రాయం తరచు వినవస్తుంది. నిజానికి ప్రవేశపెట్టడం అంత కష్టమైన పని కాదు. ఉత్తర్వు వెలువడుతుంది, శిక్షణ శిబిరం జరుగుతుంది, తొలి ఆరునెలల నివేదిక ఉత్సాహకరంగానే ఉంటుంది. ఆ పద్ధతి పది పదిహేనేళ్ళ తరువాత ఏ స్థితిలో ఉన్నదో వెళ్ళి చూసేవారు మాత్రం అరుదు. అలా చూసిన సందర్భం ఒకటి మన దేశంలోనే ఉన్నది. అది అహమ్మదాబాదులోని కాలికో కంపెనీ అనుభవం.

1953లో లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎ.కె. రైస్ ఆ కంపెనీకి సలహాదారుగా వచ్చారు. అప్పటి కంపెనీ అధిపతి గౌతమ్ సారాభాయ్. కంపెనీకి చెందిన జూబిలీ మిల్లులో అప్పటికే స్వయంచాలక మగ్గాలు నెలకొల్పారు. ఎవరు ఎంత పని చేయాలో ఇంజనీర్లు లెక్కకట్టి నిర్ణయించారు. యంత్రాలు కొత్తవే అయినా, ఉత్పత్తిగాని, గుడ్డ నాణ్యతగాని ఆశించిన స్థాయికి చేరలేదు.

లోపం ఎక్కడున్నది? షెడ్డులో 224 మగ్గాలు. వాటిపై 29 మంది కార్మికులు. ఈ కొద్దిమందికే పన్నెండు రకాల పనులు పంచారు. నేసేవాడొకడు, పేక కండెలు అందించేవాడు మరొకడు, పోగులు ఒక్కుమ్మడిగా తెగినపుడు సరిచేసేవాడు వేరొకడు, నూనె వేసేవాడు, ఊడ్చేవాడు - ఇలా ఎవరి పని వారిది. చిక్కల్లా ఒకరి మగ్గాల సంఖ్య మరొకరి మగ్గాల సంఖ్యతో కలవకపోవడమే. కండెలు అందించేవాడు ఒక నేతగానికి పూర్తిగా చెందడు. ఒకరికి కొంత, మరొకరికి కొంత. మగ్గం ఆగితే ముందుగా ఎవరిది నడిపించాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పేవారు లేరు. కాగితం మీద ప్రతివాని పనిభారమూ సక్రమంగానే ఉన్నది. ఆ పనులను కలిపే బంధమే లేదు.

రైస్ చేసిన సూచన చాలా చిన్నది: కొన్ని మగ్గాలకు ఒక జట్టు ఉండాలి, ఆ మగ్గాల బాధ్యత అంతా ఆ జట్టుదే కావాలి. ఈ ఆలోచన పర్యవేక్షకుల ద్వారా కార్మికులకు చేరగానే వారే దానిని తమదిగా చేసుకున్నారు. ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలో తామే నిర్ణయించుకున్నారు. 64 మగ్గాలకు ఏడుగురి చొప్పున జట్లు ఏర్పడ్డాయి. సలహాదారు గీసి ఇచ్చిన పటాన్ని అమలు జరపవలసిన అగత్యం వారికి కలుగలేదు. మజూర్ మహాజన్ సంఘం 1920లోనే నెలకొన్న నగరమది. యాజమాన్యమూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటు అక్కడ కొత్త కాదు. ఈ సంగతిని విస్మరించి, అహమ్మదాబాదు ప్రయోగాన్ని వేరొకచోట యథాతథంగా నాటబోవడం తొందరపాటే అవుతుంది.

తొలి దినాలు సాఫీగా గడవలేదు. జట్లు కుదుటపడిన తరువాత మాత్రం మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది. లోపాలున్న గుడ్డ 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఇదే పద్ధతిని క్రమంగా ఇతర షెడ్డులకు, స్వయంచాలకం కాని మగ్గాలకు కూడా విస్తరింపజేశారు. 1958లో రైస్ ఈ అనుభవాన్ని గ్రంథంగా వెలువరించారు. అనేక పాఠ్యగ్రంథాలలో కథ ఇక్కడితోనే ముగుస్తుంది.

1970లో టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ ఆ షెడ్డులను మళ్ళీ పరిశీలించారు. ఆ ఫలితాలు 1975లో ప్రచురితమైనాయి. ఒక షెడ్డులో జట్టు పద్ధతి, దానితోపాటు ఉత్పత్తి స్థాయి, ఇంచుమించు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి. మరొకచోట పని చాలావరకు పాత బాటలోకి జారిపోయింది. కంపెనీ ఒకటే, నగరం ఒకటే, మూలసూత్రమూ ఒకటే. కనుక భేదానికి కారణాన్ని కార్మికుల స్వభావంలో వెదకడం వ్యర్థం.

జట్టు తన పరిధిలోని చిక్కులను తానే తీర్చుకోగలదు. ఒకరు రాకపోతే మరొకరు అందుకుంటారు. ఒక మగ్గం మొరాయిస్తే పనిని సర్దుకుంటారు. అయితే నేయవలసిన గుడ్డ రకం మాటిమాటికీ మారడం, నూలు నాణ్యత తగ్గడం, విడిభాగాలు సకాలంలో అందకపోవడం వంటివి జట్టు చేతిలో ఉన్న విషయాలు కావు. అవి యాజమాన్యం చూడవలసినవి. ఇటువంటి ఒత్తిళ్ళు పెరిగినకొద్దీ జట్టు సర్దుబాటు శక్తి సన్నగిల్లుతుంది. ఉత్పత్తి తగ్గుతుంది. అపుడు పర్యవేక్షకుడు, సదుద్దేశంతోనే, లోపలికి వచ్చి ఎవరు ఏ మగ్గం చూడాలో తానే చెప్పసాగుతాడు. ఆ క్షణం నుంచి జట్టు పేరుకు మాత్రమే జట్టు. జట్టు పద్ధతిని రద్దుచేస్తున్నామని ఎవరూ ప్రకటించరు. రద్దయిందని చాలాకాలం ఎవరికీ తెలియదు కూడా.

కాలికో మిల్లులు 1990వ దశకంలో మూతపడ్డాయి. మారిన మార్కెట్టు ముందు అహమ్మదాబాదు పెద్దమిల్లులలో అనేకం నిలువలేకపోయిన కాలమది. మగ్గాల షెడ్డులో జరిగే ఏ సంస్కరణకూ అంతటి తాకిడిని ఆపే శక్తి ఉండదు. అయినా ఆ షెడ్డులలో తలెత్తిన ప్రశ్న నేటి సంస్థలకూ వర్తిస్తుంది. సంస్కరణ కార్యక్రమపు వ్యయపట్టికలో సలహాదారుకు, శిక్షణకు, ప్రారంభోత్సవానికి సైతం పద్దులు కనిపిస్తాయి. అయిదవ సంవత్సరంలో చేరే కొత్త కార్మికునికి ఆ పద్ధతిని ఎవరు నేర్పుతారు, బదిలీపై వచ్చే పర్యవేక్షకునికి తాను ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు అనే విషయాలకు ఆ పట్టికలో సాధారణంగా పద్దు ఉండదు.