చేలో నేల ఉసిరి, గాజుపలకలో క్యాన్సర్ కణం

వానలు పట్టాక నారాయణఖేడ్ చుట్టుపక్కల కంది, పత్తి సాళ్ల మధ్య, గట్ల మీద నేల ఉసిరి మొలుస్తుంది. కలుపని పీకేస్తారు. ఇంట్లో ఎవరికైనా కామెర్లయితే అదే మొక్క కోసం వెతుకుతారు. దాంట్లోని ఫిల్లాంథిన్ అనే పదార్థం కాలేయ క్యాన్సర్ మీద పనిచేస్తుందో లేదో తేల్చాలంటే పని ఈ వరుసలో సాగాలి.

ముందు మొక్కను పోల్చుకోవాలి. మనకు కావలసింది ఫిల్లాంథస్ అమారస్. రెమ్మ అడుగున నున్నటి కాయలు సన్నని కాడలకు వేలాడుతుంటాయి. కాయ గరుకుగా ఉండి, కాడ లేకుండా రెమ్మకు అంటుకుని, ఎరుపు తిరిగి ఉంటే అది ఫిల్లాంథస్ యూరినేరియా. దాంట్లో ఫిల్లాంథిన్ లేనట్టే లెక్క. అంగట్లో అమ్మే ఎండు కట్టల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. అందుకే కాయలున్న మొక్కను వేళ్లతో తీసి, కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, ఊరు, తేదీ రాసి ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగం లాంటి చోట హెర్బేరియంలో దాచి నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేని పరిశోధన ఎంత గొప్ప ఫలితం చూపినా నేను నమ్మను.

మందు కొట్టిన పత్తి చేలో మాత్రం మొక్క తీయకూడదు. ఆకు మీద మిగిలిన పురుగుమందే కణాలను చంపితే ఆ పేరు మొక్కకు వస్తుంది.

నీడలో ఆరబెట్టి పొడి చేసి హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టాలి. వడకట్టిన ద్రవాన్ని రోటరీ ఎవాపరేటర్‌లో తక్కువ వేడి మీద ఇగరబెడితే జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని సిలికా జెల్ నింపిన గాజు గొట్టంలో పోసి, హెక్సేన్‌లో ఇథైల్ అసిటేట్ పాలు కొద్దికొద్దిగా పెంచుతూ దింపాలి. దిగిన ద్రవాన్ని చిన్న సీసాల్లో విడివిడిగా పట్టి, టీఎల్‌సీ పలక మీద ఒకే మచ్చ చూపినవాటిని కలపాలి. ఓపికకు పరీక్ష ఇక్కడే. ఎండు మొక్కలో ఫిల్లాంథిన్ సాధారణంగా ఒక శాతం లోపే. చివరికి దక్కిన తెల్లటి స్ఫటికాలు అదేనా అన్నది ఎన్‌ఎంఆర్, మాస్ పరీక్షలు చెప్పాలి. అణుభారం 418 రావాలి. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఇలాంటి పనికి పేరున్న చోటు.

తర్వాత కణాలు. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి హెప్‌జీ2 అనే కాలేయ కణితి కణాలు తెప్పించుకుని 37 డిగ్రీల వద్ద పెంచాలి. 96 గుంటల పలకలో వేర్వేరు మోతాదులు వేసి, ఒకటి రెండు రోజులాగి ఎంటీటీ అనే పసుపు రంగు కలిపితే బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. సగం కణాలు పోయే మోతాదును లెక్కగడతారు. పక్కనే ఆరోగ్యకరమైన కణాలకూ అదే మోతాదు వేయాలి, అవీ చస్తే అది మందు కాదు, విషం. హెప్‌జీ2 ఒక్కటే చాలదు. అది పిల్లల్లో వచ్చే మరో రకం కాలేయ కణితి నుంచి వచ్చిందని తర్వాత తేలింది. హెపటైటిస్ బి వైరస్ జన్యువులున్న హెప్3బీ మీద కూడా చూడాలి.

ఆపైన నైతిక సంఘం అనుమతితో ఎలుకలు, ఆపైన మనుషులు. చాలా పదార్థాలు ఇక్కడే ఆగిపోతాయి. పేగు పీల్చుకోదు, పీల్చుకున్నా కాలేయమే విరిచేస్తుంది. పసుపులోని కర్కుమిన్‌కు ఉన్న చిక్కు ఇదే. మనుషుల్లో పరీక్ష దగ్గర తడబడిన అనుభవం నేల ఉసిరికీ ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లూంబర్గ్ కలిసి హెపటైటిస్ బి ఉన్నవారికి ఈ పొడి ఇచ్చారు. 59 శాతం మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందని లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. తర్వాత మరికొన్ని చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. అయినా దారి మూసుకుపోలేదు. ఎపిమీడియం మొక్కకు సంబంధించిన ఐకారిటిన్‌కు చైనా 2022లో ముదిరిన కాలేయ క్యాన్సర్‌కు షరతులతో అనుమతిచ్చింది.

నేల ఉసిరి ఇంకా అంత దూరం రాలేదు. కాబట్టి కామెర్లు కనిపిస్తే పసరు తాగి ఆగిపోకండి, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోండి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. సర్కారు దవాఖానలో అది ఉచితం.